నాలుగో కథ చెబుదాం!

ఆదివారపు ఆరాధన ముగిసింది. సంఘమంతా బయట చెట్టు కింద మాట్లాడుకుంటున్న వేళ, సండేస్కూలు గది కిటికీ గట్టు మీద ఒక పిల్లవాడు ఆకుపచ్చ బొమ్మ రైలింజన్‌ను నడుపుకుంటున్నాడు. పక్కనున్న చిన్నపాప ‘దీని పేరేంటి?’ అని అడిగింది. ‘హెన్రీ. వానలో తడిస్తే రంగు పాడైపోతుందని సొరంగంలోంచి బయటికి రానన్నాడు. అందుకని వాళ్ల సారు గోడ కట్టించేశాడు’ అన్నాడు వాడు. ‘ఎన్నాళ్లు?’ అంది పాప. వాడు కాసేపు ఆలోచించి ‘తెలీదు’ అని మళ్లీ ఇంజన్ తోసుకోసాగాడు. అది విని మేము నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. తర్వాతి వారం సంఘ కమిటీలో పాత మినిట్స్ పుస్తకం తిరగేయాల్సి వచ్చింది. ఒక సహోదరుడిని ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానించిన తేదీ అందులో స్పష్టంగా ఉంది. ఆయన్ని తిరిగి చేర్చుకున్న తేదీ మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. ‘ఎన్నాళ్లకని దూరంగా ఉంచాం?’ అని ఒకరినొకరం అడుగుకున్నాం. ఎవరికీ తెలియదు. ఆయన చర్చికి రావడం మానేసి చాలా ఏళ్లయింది. చిన్నపాప అడిగిన ప్రశ్న బొమ్మ ఇంజన్‌ గురించి మాత్రమే కాదని ఆ రోజు మాకు అర్థమైంది. అందుకే ఆ ఇంజన్ల కథలను కాస్త శ్రద్ధగా పరిచయం చేసుకున్నాం. ఆ పరిచయం మన సంఘాలన్నిటికీ అవసరమనిపించి ఈ నాలుగు మాటలు.

‘థామస్ అండ్ ఫ్రెండ్స్’ పేరుతో 1984లో మొదలై 2021 దాకా కొత్త కథలతో సాగిన టీవీ ధారావాహిక మన ఇళ్లలోని చాలామంది పిల్లలకు తెలుసు. ముఖాలున్న ఆ రైలింజన్ల బొమ్మలు మన బజార్లలోనూ దొరుకుతాయి. 2016లో వచ్చిన ‘ది గ్రేట్ రేస్’ చిత్రంలో అషిమా అనే మన దేశపు ఇంజన్ కూడా వారితో కలిసింది. మేట్టుపాళ్యం నుండి ఊటీకి కొండెక్కే నీలగిరి రైలింజన్ దానికి నమూనా. అయితే ఈ ఇంజన్లకు ప్రాణం పోసింది ఒక పాస్టరుగారన్న సంగతి మన తల్లిదండ్రుల్లో కొద్దిమందికే తెలుసు.

ఆయన పేరు రెవరెండ్ విల్బర్ట్ ఆడ్రీ. 1911 జూన్ 15న ఇంగ్లాండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి కూడా సంఘ కాపరే, పైగా రైళ్లంటే అమితమైన ఇష్టం ఉన్నవాడు. విల్బర్ట్ చిన్నతనంలో ఆ కుటుంబం బాక్స్ అనే ఊరిలో రైలు మార్గానికి దగ్గరగా నివసించింది. రాత్రివేళ బరువైన గూడ్సు బండ్లు అక్కడి ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంటే, వెనకనుంచి మరో ఇంజన్ నెడుతుండేది. పక్కమీద పడుకున్న ఆ పిల్లవాడికి ముందున్న ఇంజన్ ‘నావల్ల కాదు’ అన్నట్టూ, వెనకున్నది ‘అవుతుంది, పద’ అన్నట్టూ వినిపించేదట! ఒకరి భారాలు ఒకరు భరించాలన్న గలతీ పత్రిక ఆరో అధ్యాయపు పాఠాన్ని ఆయన బైబిలు తెరవకముందే రైలు పట్టాల దగ్గర నేర్చుకున్నారేమో!

1936లో ఆయన చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో అభిషేకం పొందారు. అయితే క్రైస్తవుడు యుద్ధంలో పాల్గొనకూడదన్నది ఆయన గట్టి నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆ మాట అనడం తేలిక కాదు. ఆ నమ్మకం కారణంగానే తాను సేవచేస్తున్న సంఘంలో ఆయన కొనసాగలేకపోయారు. చేతిలో చంటిబిడ్డ, ముందు దారి తెలియని పరిస్థితి. అప్పుడు బర్మింగ్‌హామ్ బిషప్ బార్న్స్ తన అధ్యక్ష మండలంలో ఆయనకు చోటిచ్చారు. 1940లో ఆడ్రీ బర్మింగ్‌హామ్ దగ్గరి కింగ్స్ నార్టన్‌లో సహాయ కాపరిగా చేరారు. ‘నువ్వు మాకు వద్దు’ అన్న మాట ఎలా ఉంటుందో, ‘మా దగ్గరికి రా’ అన్న మాట ఎలా ఉంటుందో రెండూ రుచి చూసిన మనిషి ఆయన!

కింగ్స్ నార్టన్‌లో ఉండగానే చిన్న కుమారుడు క్రిస్టఫర్‌కు తట్టు సోకింది. చీకటి గదిలో మంచానికే పరిమితమైన బిడ్డను ఊరడించడానికి తండ్రి రైలింజన్ల కథలు చెప్పసాగారు. బిడ్డ అవే కథలు మళ్లీ మళ్లీ అడిగేవాడు. ఒక్క మాట మారినా ఒప్పుకునేవాడు కాదు. దాంతో తండ్రి వాటిని కాగితం మీద పెట్టారు. భార్య మార్గరెట్ ప్రోత్సాహంతో అవి 1945లో ‘ది త్రీ రైల్వే ఇంజన్స్’ అనే చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. 1972 వరకు ఆడ్రీ ఇలాంటి పుస్తకాలు 26 రాశారు. 1983 నుండి ఆ పనిని కుమారుడు క్రిస్టఫర్ అందుకున్నారు. ఇంజన్లు తిరిగే ‘సోడోర్’ దీవి పేరు కూడా సంఘం నుండి వచ్చిందే! చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో ‘సోడోర్ అండ్ మ్యాన్’ అనే అధ్యక్ష మండలం ఉంది. మ్యాన్ అనే దీవి పటంలో ఉంది కానీ సోడోర్ అనే దీవి లేదు. ఆ లేని దీవిని ఆడ్రీ తన కథలకు ఊరు చేసుకున్నారు.

ఇక ఇంజన్లను పలకరిద్దాం. గోర్డన్ ఎక్స్‌ప్రెస్ బండి లాగే పెద్ద ఇంజన్. గూడ్సు బండి లాగమంటే తనకు అవమానం. జేమ్స్ ఎర్ర ఇంజన్. తన మెరుపు చూసి తానే మురిసిపోతుంటాడు. థామస్ చిన్నవాడు, చురుకైనవాడు, పెద్దల్ని ఆటపట్టించి చిక్కుల్లో పడేవాడు. పెర్సీ అమాయకుడు. టోబీ పాతకాలపు ట్రామ్ ఇంజన్, నెమ్మదస్తుడు. ఎడ్వర్డ్ వయసు మీరినవాడు. మొదటి కథలోనే ఎన్నాళ్లుగానో పని లేక షెడ్డులో నిలబడి, మిగిలినవారి వెక్కిరింపులు పడుతూ కనిపిస్తాడు. హెన్రీ బలం ఉన్నవాడే కానీ ఎప్పుడూ తన గురించిన దిగులే.

వీళ్లను మనం ఎక్కడో చూసినట్టు లేదూ? ముందు వరుసలో కుర్చీ దొరక్కపోతే అలిగే గోర్డన్ మన సంఘంలో లేడా? కొత్త బట్టలు నలుగుతాయని క్రిస్మస్‌ రోజు భోజనాల దగ్గర వడ్డించడానికి రాని జేమ్స్ లేడా? ముప్పయ్యేళ్లు గాయక బృందంలో పాడి, గొంతు వణుకుతోందని పక్కన కూర్చోబెట్టబడిన ఎడ్వర్డ్ లేడా? రైల్వేకూ సంఘానికీ పోలికలున్నాయని ఆడ్రీ సరదాగా అనేవారు. రెండింటికీ నిర్వహణకు డబ్బు చాలని పాత భవనాలున్నాయి, రెండింటినీ జనం విమర్శిస్తూనే ఉంటారు, అయినా మనిషిని గమ్యం చేర్చే ఉత్తమ మార్గం తామేనని రెండూ గట్టిగా నమ్ముతాయి అన్నది ఆయన చమత్కారం!

ఇప్పుడు హెన్రీ దగ్గరికి వద్దాం. మొదటి పుస్తకంలో అతనిది మూడో కథ. వాన పడుతోంది. ఆకుపచ్చ రంగు, ఎర్ర చారలు పాడవుతాయని హెన్రీ సొరంగంలో ఆగిపోయాడు. డ్రైవరు బతిమాలాడు, అధికారి గద్దించాడు, ప్రయాణికులు తాడు కట్టి లాగారు, వెనకనుంచి తోశారు. హెన్రీ కదల్లేదు. చివరికి పట్టాలు పీకేసి అతని ముందు ఇటుక గోడ కట్టేశారు. ఇతర రైళ్లు పక్క దారిలో తిరుగుతూనే ఉన్నాయి. ఎడ్వర్డ్ అటుగా వెళ్లినప్పుడల్లా చిన్నగా కూత వేసి పలకరించేవాడు. గోర్డన్ మాత్రం ‘తగిన శాస్తి’ అని వెక్కిరించేవాడు. హెన్రీలో నిప్పు లేదు, ఆవిరి లేదు, బదులు పలకలేడు. మసితో, మురికితో ఏ రంగు కోసం లోపల దాక్కున్నాడో ఆ రంగే పాడైపోయింది! కథ అక్కడితో ఆగిపోతుంది. ‘ఎన్నాళ్లు?’ అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. చిన్నపాప అడిగింది సరైన ప్రశ్నే!

మొదట ఆడ్రీ రాసినవి మూడు కథలే. ముగ్గురు ఇంజన్లూ కలిసేలా, హెన్రీ బయటపడేలా మరో కథ కావాలని ప్రచురణకర్తల వైపు నుండి కోరారు. అప్పుడు నాలుగోది వచ్చింది. ఎక్స్‌ప్రెస్ లాగుతూ గోర్డన్ సొరంగం వైపు వస్తాడు. హెన్రీని మరోసారి వెక్కిరించబోతుండగా తన సేఫ్టీ వాల్వే పగిలి ఆగిపోతాడు. ఎడ్వర్డ్‌ను పిలిపిస్తారు. అతనొక్కడి బలం చాలదు. అప్పుడు ‘హెన్రీని ఎందుకు అడగకూడదు?’ అన్నది ఎవరో కాదు, నిన్నటిదాకా వెక్కిరించిన గోర్డనే! గోడ కూలగొట్టారు, పట్టాలు వేశారు, నిప్పు రాజేశారు. ‘సాయం చేస్తావా?’ అంటే హెన్రీ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఎడ్వర్డ్, హెన్రీ కలిసి బండిని గమ్యం చేర్చారు. తిరిగొస్తూ ఆగిపోయిన గోర్డన్‌నూ ఇంటికి తెచ్చారు. హెన్రీకి కొత్త రంగు వేస్తామన్నారు. తనకు ఎడ్వర్డ్‌లా నీలం రంగు కావాలన్నాడు హెన్రీ. గోడ వెనక ఉన్న రోజుల్లో తనను పలకరించిన వాడి రంగే కోరుకున్నాడు చూడండి!

మన సంఘాల్లో చాలా వాటికి మూడో కథ వరకే తెలుసు. గోడ కట్టడం మనకు బాగా వచ్చు. తీర్మానం రాయడం వచ్చు, సంతకాలు పెట్టడం వచ్చు, ప్రకటన చదవడం వచ్చు. గోడ తీయడం ఎప్పుడు, ఎలా, ఎవరు అన్నది మాత్రం మినిట్స్ పుస్తకంలో ఉండదు. కొరింథు సంఘంలోనూ ఒక మనిషికి శిక్ష పడింది. పౌలు ఆ సంఘానికి రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం 6 నుండి 8 వచనాలు చదవండి. పదిమంది వేసిన ఆ శిక్ష చాలునని, ఇక అతన్ని క్షమించి ఓదార్చాలని, లేకపోతే మితిమీరిన దుఃఖంలో అతను మునిగిపోతాడని, అతనిపై తమ ప్రేమను స్థిరపరచాలని అపొస్తలుడు బతిమాలుకుంటాడు. శిక్ష వేయడం తెలియని పౌలు కాదు ఆయన! కానీ ‘చాలు’ అనడం కూడా సంఘ క్రమశిక్షణలో భాగమేనని ఆయనకు తెలుసు. తప్పిపోయినవాడిని సాత్వికమైన మనసుతో తిరిగి నిలబెట్టమని గలతీయులకు రాసిందీ ఆయనే.

అలాగైతే క్రమశిక్షణ అక్కర్లేదా అని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. హెన్రీ తప్పు చేయలేదని ఆడ్రీ అనలేదు. తన రంగు కోసం బండినిండా ఉన్న ప్రయాణికుల దారి ఆపేశాడు. తప్పును తప్పనకపోతే అది ప్రేమ కాదు, నిర్లక్ష్యం. తన ఇంజన్లకు శిక్ష ఉంటుంది, క్షమాపణ ఉంటుంది, తుక్కు కింద పారేయడం మాత్రం ఉండదన్నది ఆడ్రీ అభిప్రాయం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలినా సువార్త వికలమవుతుంది. మరొక మాట కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. క్షమించడమంటే పాత బాధ్యతల్నే తిరిగి అప్పగించడమని కాదు. పిల్లలకు హాని చేసినవాడిని క్షమించామంటూ మళ్లీ పిల్లల మధ్య నిలబెట్టడం క్షమాపణ కాదు, మన చేతిలో ఉన్న పిల్లలకు చేసే ద్రోహం. చట్టం చేయాల్సిన పని చట్టాన్ని చేయనివ్వాలి. కానీ మన పుస్తకాల్లో ఏళ్ల తరబడి గోడల వెనక ఉన్నవారు అలాంటివారు కాదు. అప్పు తీర్చలేక అబద్ధమాడినవాడు, తాగుడు మాని మళ్లీ జారిపడినవాడు, పెద్దలకు ఎదురు మాట్లాడినవాడు, ఇంట్లో ఇష్టంలేని పెళ్లి చేసుకున్న అమ్మాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి ‘చాలు, ఇంటికి రండి’ అన్నవారు ఎవరు?

ఇంజన్ల పెద్దసారుని కూడా ఓసారి చూద్దాం. మొదట్లో ఆయన ‘ఫ్యాట్ డైరెక్టర్’. 1948లో బ్రిటన్ రైల్వేలు జాతీయమయ్యాక పుస్తకాల్లో ‘ఫ్యాట్ కంట్రోలర్’ అయ్యాడు. ఆయన్ని దేవునితో పోల్చేవారున్నారు. మనం అలా పోల్చలేం. హెన్రీని తాడు కట్టి లాగే సమయంలో ఆ పెద్దమనిషి, డాక్టరు వద్దన్నాడంటూ పక్కకు తప్పుకుని, మిగిలినవాళ్లను లాగమంటాడు! పిల్లలు ఆ చోట పకపకా నవ్వుతారు. మనకు మాత్రం ఆ నవ్వులో ఒక సత్యం గుచ్చుకోవాలి. మన దేవుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆజ్ఞలిచ్చినవాడు కాదు. సొరంగంలోకి తానే దిగి వచ్చినవాడు. మనకూ తనకూ మధ్య మన పాపం కట్టిన గోడను తన శరీరంతో కూల్చినవాడు. పరిశుద్ధ దేవుడు అంత దూరం వచ్చాక, మనం పక్క వీధిలో ఉన్న సహోదరుడి ఇంటికి వెళ్లడానికి ఏ డాక్టరు వద్దన్నాడు?

ఈ కథల్లో మనం జాగ్రత్తగా చూడాల్సిన విషయం మరొకటి ఉంది. ఆ దీవిలో ఒక ఇంజన్‌కు దక్కే గొప్ప బిరుదు ‘నిజంగా పనికొచ్చే ఇంజన్’. పనికి రావాలన్న కోరిక మంచిదే. కానీ పనికొచ్చినంతకాలమే విలువ అనుకుంటే అది సువార్త కాదు, లోకరీతి. ఆ రోజుల్లో ఇంగ్లాండులో జరిగింది అదే. డీజిల్ వచ్చింది, ఆవిరి ఇంజన్లు వేల సంఖ్యలో తుక్కు దుకాణాలకు పోయాయి. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వేల ప్రధాన మార్గాలపై ఆవిరి బండ్ల ప్రయాణం ముగిసింది. సరిగ్గా ఆ ఏడాదే వెలువడిన పుస్తకంలో ఆలివర్ అనే ఇంజన్ తుక్కుకు పోకుండా పారిపోయి వస్తే, డగ్లస్ అనే ఇంజన్ అతన్ని కాపాడి సోడోర్‌కు తీసుకొస్తాడు. అంతకుముందు 1954 నాటి పుస్తకంలో ట్రెవర్ అనే పాత ట్రాక్షన్ ఇంజన్ తుక్కుకు పోబోతుంటే, దాని కోసం అందరినీ అడిగి తిరిగిందీ ముసలి ఎడ్వర్డే. చివరికి దాన్ని కొని తన తోటలో పెట్టుకున్నది ఎవరనుకున్నారు? ఆ ఊరి పాస్టరుగారు! లోకం తుక్కు అన్నదానికి పాస్టరుగారి తోటలో చోటు దొరికింది. ఏ కాపరికైనా ఇంతకన్నా మంచి పని ఏముంటుంది?

బైబిల్లో ఒనేసిము అనే దాసుడున్నాడు. ఆ పేరుకు అర్థమే ‘పనికొచ్చేవాడు’. యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్లిపోయాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతూ, ఒకప్పుడు నీకు పనికిరానివాడే, ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చేవాడు అంటూ ఆ పేరుతోనే చమత్కరిస్తాడు (11వ వచనం). కానీ అక్కడితో ఆగడు. దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకో అంటాడు (16వ వచనం). అతని అప్పు ఏమైనా ఉంటే నా లెక్కలో వేయి అంటాడు (18వ వచనం). పనికొస్తాడని చేర్చుకోమనలేదు. సహోదరుడని చేర్చుకోమన్నాడు. మార్కు సంగతీ అంతే. పంఫూలియలో పనిని మధ్యలో వదిలి వెళ్లాడని పౌలే అతన్ని వెంట తీసుకెళ్లడానికి ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం ఎడ్వర్డ్‌లా అతని పక్కన నిలబడ్డాడు. ఏళ్లు గడిచాక అదే పౌలు, మార్కును తీసుకురా, అతను పరిచర్యకు నాకు ప్రయోజనకరమైనవాడు అని తిమోతికి రాశాడు. గోర్డన్ నోట ‘హెన్రీని అడగండి’ అన్న మాట రావడం అంటే ఇదే! బర్నబా ఆ రోజు కూత వేసి పలకరించకపోతే, మార్కు ఏ గోడ వెనక మిగిలిపోయేవాడో!

ఈ గోడలు చర్చిలోనే కాదు, ఇళ్లలోనూ ఉన్నాయి. పరీక్ష తప్పిన కొడుకుతో తండ్రి నెలల తరబడి మాట్లాడని ఇళ్లు మన విశ్వాసుల్లో లేవా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న విషాదం మన కళ్లముందు జరిగింది. ఒక బిడ్డ అలాంటి నిర్ణయం వెనక ఎన్ని కారణాలుంటాయో మనం తీర్పు చెప్పలేం. కానీ ‘నేనిక పనికిరాను’ అన్న అబద్ధం మన బిడ్డల చెవుల్లో పడకుండా చూడడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. మార్కులు తగ్గితే మందలించండి, తప్పులేదు. కానీ ఆ రాత్రి భోజనానికి పక్కన కూర్చోబెట్టుకోండి. సూర్యుడు అస్తమించే వరకు కోపం నిలవకూడదన్న ఎఫెసీ పత్రిక మాట (4:26) భార్యాభర్తలకే కాదు, తండ్రీకొడుకులకూ వర్తిస్తుంది. మన బిడ్డ మన బిడ్డ కావడానికి ర్యాంకు కారణం కాదు కదా!

అయితే మనం ఏం చేయాలి? పెద్ద పెద్ద సభలు అక్కర్లేదు. ఒకరిని బల్లకు దూరంగా ఉంచాలని ఇకముందు తీర్మానించాల్సి వస్తే, ఆ తీర్మానంలోనే తిరిగి పరిశీలించే తేదీ కూడా రాద్దాం. ఆ తేదీ రాయకుండా సంతకం పెట్టవద్దు. అతని కోసం ఒక ఎడ్వర్డ్‌ను నియమిద్దాం. ప్రతి వారం ఇంటికి వెళ్లి పలకరించడమే అతని పని. ఉపన్యాసం వద్దు, కుశలం అడిగితే చాలు. తిరిగి వచ్చిన రోజున వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చోనివ్వకుండా పేరుపెట్టి ఆహ్వానిద్దాం, చేయదగిన పని ఒకటి చేతికిద్దాం. గోడ కూల్చిన వెంటనే హెన్రీకి దక్కింది ప్రసంగం కాదు, లాగడానికొక బండి, తోడుగా ఒక స్నేహితుడు. తీరం మీద నిప్పుల దగ్గర ప్రభువు పేతురుకిచ్చింది కూడా అదే: ముందు భోజనం, తర్వాత గొర్రెలను మేపే పని. ఇక పాత మినిట్స్ పుస్తకాలు ఒక్కసారి తెరుద్దాం. తేదీలు లేని గోడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదాం.

ఆ సహోదరుడి ఇంటికి మేము ముగ్గురం వెళ్లాం. తలుపు ఆయనే తీశారు. జుట్టు పూర్తిగా నెరిసింది. కుర్చీలు వేసి, లోపలికి వెళ్లి కాఫీ తెచ్చారు. కాసేపు వర్షాల గురించి, ఊరి గురించి మాట్లాడుకున్నాం. చివరికి ‘ఇన్నేళ్లకు గుర్తొచ్చానా అయ్యగారూ?’ అన్నారు. మా దగ్గర జవాబు లేదు. క్షమించామని చెప్పడానికి వెళ్లిన మేము, క్షమించమని అడిగి లేచాం. ఆదివారం వస్తానని ఆయన అనలేదు, రానని కూడా అనలేదు. గేటు దాకా వచ్చి సాగనంపారు. వచ్చే వారం మళ్లీ వెళ్తాం. ఆ తర్వాతి వారం కూడా వెళ్తాం. ఏళ్ల తరబడి చల్లారిన బాయిలరు ఒక్క పూటలో వేడెక్కదు కదా!

ఆడ్రీ 1997 మార్చి 21న తన 85వ ఏట ప్రభువు సన్నిధికి చేరారు. జబ్బుపడిన ఒక బిడ్డ కోసం ఆయన చెప్పిన కథలు లోకమంతా తిరుగుతున్నాయి. మన పిల్లలు ఆ కథల్ని తెరమీద చూస్తారు, బొమ్మలతో ఆడుకుంటారు. కానీ గోడ కూల్చడం ఎలాగో వాళ్లు మన సంఘంలోనే చూడాలి. ‘ఎన్నాళ్లు?’ అని ఆ చిన్నపాప మళ్లీ అడిగితే ‘తెలీదు’ అన్న జవాబు మన నోట రాకూడదు. ‘ఇంక చాలు, ఇవాళే గోడ తీసేస్తున్నాం’ అనగలగాలి. మూడో కథ దగ్గర ఆగిపోయిన చోట నాలుగో కథ మొదలుపెట్టే కృప ప్రభువు మనందరికీ దయచేయును గాక!